పదిహేడేళ్ళవాడి ఒప్పుకోలు

నేరం ఒప్పుకోనివాడి చేత ఒప్పించడం పోలీసులకు వెన్నతో పెట్టిన విద్య. ఒప్పేసుకుని కూర్చున్నవాడి చేత కాదనిపించడమే గగనం. ఆ పని మీదే డిటెక్టివ్ మంగళవారం పొద్దున పిల్లల గృహం మెట్లెక్కాడు. నేరం చేశారని పట్టుకొచ్చిన పిల్లల్ని బాలల బోర్డు ముందు నిలబెట్టేదాకా అక్కడే ఉంచుతారు. గోడల నిండా కుందేళ్ళూ ఏనుగులూ బొమ్మలు వేయించారు గానీ, కిటికీలకు ఊచలు మాత్రం గట్టివే పెట్టించారు.

ఊళ్ళో ఈ డిటెక్టివ్‌ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. 'నస' అంటారు. అడిగిన ప్రశ్నే మూడుసార్లు అడగడం ఆయన పద్ధతి. కూరలో ఉప్పు వేశావా అని మూడుసార్లు అడిగితే, విసుగెత్తి వాళ్ళావిడ ఒకరోజు మూడుసార్లూ వేసింది. ఆయన కిక్కురుమనకుండా తిన్నాడే గానీ పద్ధతి మార్చుకోలేదు.

గృహం సూపరింటెండెంటమ్మ ఆయన్ని గుమ్మంలోనే ఆపింది.

"ముందే చెప్తున్నానండి. ఇక్కడ దొంగ అనకూడదు, నిందితుడు అనకూడదు. బాబు అనాలి. గొంతు పెంచకూడదు. బల్ల గుద్దకూడదు."

"నేను బల్ల గుద్దే రకం కాదమ్మా."

"మీకు కాదండీ, ఆయనకి చెప్తున్నాను," అంటూ ఆవిడ మూలకి చూసింది.

మూలన ఇన్‌స్పెక్టర్ ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. పిల్లల ముందుకు యూనిఫాంతో రాకూడదన్నది చట్టం. గేటు దగ్గర ఆవిడ ఆపేసేసరికి జీపు డ్రైవరు దగ్గర ఒక పచ్చపూల చొక్కా అరువు తెచ్చుకుని తొడుక్కున్నాడు. అది ఆయన పొట్టని సగం దూరమే కప్పింది. టోపీ, బెల్టు, బూట్ల చప్పుడు లేని ఇన్‌స్పెక్టర్ గలీబు తీసిన దిండులా ఉన్నాడు. అటెండరు కూడా ఆయన్ని దాటి వెళ్ళి డిటెక్టివ్‌కే మంచినీళ్ళు ఇచ్చాడు.

ఇన్‌స్పెక్టర్‌కి డిటెక్టివ్ అంటే ముందునుంచీ పడదు. పైగా ఈ కేసు ఆయన ఆరు గంటల్లో ఛేదించిన కేసు. ఆ ఆరు గంటల్లో ఐదున్నర గంటలు ఆయన ఇంట్లో కునుకు తీశాడు. మిగిలిన అరగంటలో కుర్రాడు తనంతట తనే స్టేషన్‌కి నడిచొచ్చి 'నేనే చేశాను' అన్నాడు. మర్నాడు పేపర్లో ఫొటో పడింది. పిల్లల మొహం వెయ్యకూడదు కనుక కుర్రాడి తలకి తువ్వాలు కప్పారు. పక్కన ఇన్‌స్పెక్టర్ మొహం మీసాలతో సహా పడింది. మొహం కనిపించినవాడు ఆయనొక్కడే కావడంతో సగం ఊరు ఆయన్నే దొంగనుకుంది.

జరిగిన కథ చిన్నదే. ఆదివారం బజారుకి సెలవు. ఆ మధ్యాహ్నం తాళాల షావుకారు దుకాణంలో ఇనప్పెట్టె ఖాళీ అయింది. అందులో ఉన్న షావుకారు భార్య నగలు పోయాయి. కాపలా ఉన్న ముసలి వాచ్‌మన్ నెత్తి మీద ఎవరో తాళంకప్పతో కొట్టారు. ఆయన డ్యూటీలో నిద్రపోయే మనిషి కావడం వల్ల స్పృహ తప్పాడో, నిద్రపోతున్నాడో తేల్చుకోవడానికి డాక్టర్లకి కాస్త టైం పట్టింది. ప్రాణానికి భయం లేదు గానీ ఎవరు కొట్టారో ఆయనకి తెలియదు. రేపు పది గంటలకు కుర్రాడిని బోర్డు ముందు నిలబెడతారు. అక్కడ కూడా వాడు 'నేనే' అన్నాడంటే ఇక ఆ నేరం వాడికి అతుక్కుపోతుంది. వాడు చెయ్యలేదని నమ్ముతున్నది వాడి అక్క ఒక్కతే. డిటెక్టివ్‌ని పెట్టుకున్నది ఆ అమ్మాయే.

కుర్రాడిని తీసుకొచ్చారు. పదిహేడేళ్ళు అంటే డిటెక్టివ్ ఏదో పీలగా ఉండే పిల్లవాణ్ణి ఊహించుకున్నాడు. వచ్చినవాడు తల వంచి గుమ్మం దాటాడు. ఊరి ఫుట్‌బాల్ క్లబ్బులో కుర్రాళ్ళ జట్టుకి గోల్‌కీపరు. వాడు చేతులు చాపి నిలబడితే బంతికి దారి వెతుక్కోవలసిందేనని చెప్పుకుంటారు.

"కూర్చో బాబూ. ఆదివారం ఏం జరిగింది?"

"మధ్యాహ్నం సరిగ్గా మూడు గంటలకు నేను వెంటిలేటర్ ద్వారా దుకాణంలోకి ప్రవేశించి, ఇనప్పెట్టె తెరిచి, నగలు తీసుకుని, అడ్డువచ్చిన వాచ్‌మన్‌ను తాళంకప్పతో కొట్టి పారిపోయాను."

డిటెక్టివ్ మంచినీళ్ళు తాగాడు. ఆటల గురించి రెండు మాటలు మాట్లాడాడు. "ఇంతకీ ఆదివారం ఏం జరిగింది?" అన్నాడు.

కుర్రాడు మళ్ళీ అదే చెప్పాడు. పొల్లు పోలేదు. 'ప్రవేశించి' దగ్గర మొదటిసారి మింగిన గుటక రెండోసారీ మింగాడు.

మూడోసారి అడిగేసరికి ఇన్‌స్పెక్టర్ బల్ల మీదికి చెయ్యెత్తాడు. సూపరింటెండెంటమ్మ ఆ చేతి వంక చూసింది. చెయ్యి నెమ్మదిగా వెళ్ళి మీసం దువ్వుకుంది.

మూడోసారీ అదే పాఠం. జరిగింది చెప్పేవాడు మూడుసార్లు మూడు రకాలుగా చెబుతాడు, ఒకసారి మరిచింది ఇంకోసారి కలుపుతాడు. బట్టీ పట్టినవాడే గుటకలతో సహా అప్పజెబుతాడు. డిటెక్టివ్ నసకి ఉన్న ప్రయోజనం అదే.

"పెట్టె ఎలా తెరిచావు?"

"పిడి తిప్పాను. తెరుచుకుంది."

"ఎటు తిప్పావు?"

"కుడికి." ఆయన మొహం చూశాడు. "ఎడమకి. మీకెటు కావాలండి?"

"నగలేవి?"

"కాలవలో పారేశాను."

"దొంగిలించి మరీ ఎందుకు పారేశావు?"

"భయమేసింది."

"భయమేసినవాడు రాత్రికల్లా తీరిగ్గా స్టేషన్‌కి నడిచొస్తాడా?"

ఇది పాఠంలో లేని ప్రశ్న. డిటెక్టివ్ ఇక కేసు మాట ఎత్తలేదు. ఇక్కడ ఎలా ఉంది, తిండి సరిగా పెడుతున్నారా అని అడిగాడు. వాడి మొహం కళకళలాడింది.

"బానే ఉందండి. వెనకాల గ్రౌండుంది. క్యారమ్స్ కూడా ఉన్నాయి. ఎంతండీ, ఆర్నెల్లు. నేను మైనర్ని కదా. వచ్చేసరికి బండి కూడా..."

అక్కడ నాలిక కరుచుకున్నాడు.

"ఏ బండి?" అన్నాడు డిటెక్టివ్. "ఏ బండి బాబూ?" కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. "నీకు బండి ఇస్తానన్నది ఎవరు?" అనేసరికి వాడు లేచి నిలబడి మళ్ళీ, "మధ్యాహ్నం సరిగ్గా మూడు గంటలకు నేను..." అని అందుకున్నాడు.

డిటెక్టివ్‌కి వాడి చెంప ఛెళ్ళుమనిపించాలనీ అనిపించింది, తల నిమరాలనీ అనిపించింది. ఒక మోటారుసైకిలు కోసం ఆర్నెల్ల బతుకు రాసిచ్చేసే తెలివి ఆ వయసుకి తప్ప రాదు. చట్టం వీళ్ళని వేరే గుమ్మంలోంచి పంపేది ఇందుకే కాబోలు అనుకున్నాడు. ఆ గుమ్మం మెత్తగా ఉందని కనిపెట్టిన పెద్దమనిషెవడో తన పాపం వీడి నెత్తిన పెట్టి పంపాడన్న సంగతి ఆయనకి అర్థమైపోయింది.

వరండాలోకి రాగానే ఇన్‌స్పెక్టర్ అక్కసంతా కక్కాడు.

"చూశారా? క్యారమ్స్ అట. వీడికే పద్దెనిమిది నిండి ఉంటే పెద్ద కోర్టుకి లాగి, తల పగలగొట్టి దోచుకున్నందుకు పదేళ్ళు వేయించేవాణ్ణి. పెద్ద జైల్లో రాళ్ళు కొట్టేవాడు."

"నేరం జరిగిన రోజుకి పద్దెనిమిది నిండకపోతే పిల్లాడేనండి," అంది సూపరింటెండెంటమ్మ. "మా దగ్గర దిద్దుతాం. మీ దగ్గర విరుస్తారు."

"దిద్దడానికి వాడేమన్నా కాపీ పుస్తకమా?"

"మీరు గేటు దాటాక గొంతు పెంచుకోండి," అందావిడ.

*

తాళాల షావుకారు దుకాణంలో నాలుగు గోడలకీ తాళంకప్పలే. అరచేతిలో దాగేవి మొదలు ఒక మనిషి మోయలేనివి దాకా ఉన్నాయి. మధ్యలో ఖాళీ ఇనప్పెట్టె నోరు తెరుచుకుని ఉంది. దాని మీద 'తెరిచినవాడికి లోపలున్నది సొంతం' అని పెద్ద అక్షరాల బోర్డు. తన సరుకు మీద నమ్మకం చూపించడానికి షావుకారు అందులో సాక్షాత్తూ భార్య నగలే పెట్టాడు. ఆదివారం నుంచి ఆ ఇల్లాలు ఆయనతో మాట్లాడటం లేదు. ఆయన బాధ అది కాదు.

"నా పెట్టె తెరవడం ఎవడి తరమూ కాదండి. నేనే ఆరోజు తాళం వెయ్యడం మరిచిపోయుంటాను. అలా రాసుకోండి."

"మరిచిపోయారా?"

"మరిచిపోయే ఉంటాను."

"ముప్ఫయ్యేళ్ళలో ఎప్పుడైనా మరిచిపోయారా?"

షావుకారు ముక్కుపుటాలు అదిరాయి. "నా గురించి ఏమనుకుంటున్నారు మీరు? ఒక్కనాడు మరిచిపోతే ఒట్టు." అన్న తరవాత తనేమన్నాడో ఆయనకే వినిపించింది. గొంతు తగ్గించాడు. "ఆ ఒక్కరోజు మరిచిపోయానండి. తలుపు తాళం మాత్రం గట్టిగా వేశాను. దాన్ని ఎవడూ ముట్టుకోలేదు. దొంగ వెంటిలేటర్లోంచే దూరాడు. తాళాల కొట్టులోకే దొంగ తాళం తీసి వచ్చాడని బయటికి పొక్కితే రేపట్నుంచి నేను బెల్లం అమ్ముకోవాలి."

పరువు కోసం ఆయన దొంగకి దారి కూడా చూపించేశాడు. ఇలాంటి బాధితుడు దొరికితే దొంగ పని నల్లేరు మీద బండి నడకే.

"తాళంచెవులు ఎన్ని?"

"రెండు జతలు. ఒకటి నా నడుముకి ఉంటుంది. స్నానానికి కూడా తియ్యను. రెండోది మా అల్లుడి దగ్గర."

అల్లుడు అప్పుడే వెనక గదిలోంచి నవ్వుతూ వచ్చాడు. నూనె రాసిన బిజాగరీలా చప్పుడు లేకుండా మసిలే మనిషి. దుకాణం లావాదేవీలు అతనే చూస్తాడు. ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకి సెక్రటరీ కూడా. డిటెక్టివ్‌కి కుర్చీ తనే తెచ్చి వేశాడు.

"పాపం, మా జట్టు కుర్రాడేనండి. వేలెడంత ఉన్నప్పట్నుంచీ చూస్తున్నాను. ఏదో చిన్నతనం. లాయర్ని కూడా నేనే పెడుతున్నా. మైనర్ కదా, ఏం కాదు."

"ఆదివారం మూడింటికి మీరెక్కడున్నారు?"

"ఇంట్లో. భోంచేసి పడుకున్నా."

"మూడింటికి ఎక్కడున్నారు?"

"చెప్పాను కదండీ, ఇంట్లోనే."

"మూడింటికి..."

"మూడింటికి కాదు, మూడుంబావుకి అయితే లేచి టీ తాగాను," అన్నాడు అల్లుడు, నవ్వు చెక్కు చెదరకుండా. డిటెక్టివ్ తల ఊపాడు. వీధి చివర టీ కొట్టువాడు ఉదయమే చెప్పాడు, మూడుంబావుకి వాచ్‌మన్ తన దగ్గర నిక్షేపంలా టీ తాగి వెళ్ళాడని. అంటే దెబ్బ పడింది ఆ తరవాతే. కుర్రాడి పాఠంలో టైం తప్పు. పాఠం చెప్పిన పంతులు వాచ్‌మన్ టీకి వెళ్ళిన సంగతి ఎరగడు.

వెంటిలేటరు అలమార పైన, కప్పుకి జానెడు కింద ఉంది. డిటెక్టివ్‌కి ఎడమ మోకాలు మొరాయిస్తుంది. అయినా పళ్ళ బిగువున నిచ్చెనెక్కాడు. పైదాకా వెళ్ళి, చాలాసేపు అక్కడే ఉండి, ముసిముసిగా నవ్వుతూ దిగాడు. సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టర్ లోపలికి వచ్చాడు. డిటెక్టివ్ ఇక్కడికి వచ్చాడని తెలిసి చొక్కా మార్చుకోవడం కూడా మరిచి పరిగెత్తుకొచ్చాడు.

"ఛేదించేసిన కేసులో మీకేం పనండీ ఇక్కడ?"

"సాక్షి దొరికింది. మీరూ పలకరించండి," అని డిటెక్టివ్ నిచ్చెన చూపించాడు.

ఇన్‌స్పెక్టర్ రోషంగా ఎక్కాడు. వెంటిలేటరు సందు నిండా పుల్లలూ ఇనపతీగ ముక్కలూ పేర్చి పావురం గూడు కట్టుకుంది. గూట్లో ఇంకా కళ్ళు సరిగ్గా తెరవని పిల్ల, పసుపుపచ్చ నూగుతో. తల్లి పావురం ఇన్‌స్పెక్టర్ మొహం చూడగానే రెక్కతో చెంప మీద ఒక్కటిచ్చింది. ఆయన మూడు మెట్లు ఒకేసారి దిగాడు. చొక్కా మీది పచ్చపూల మధ్య ఒక తెల్లపువ్వు కొత్తగా పూసింది.

"పిల్లకి మూడు నాలుగు రోజులుంటాయి. గుడ్లు పొదగడం ఇంకా ముందునుంచీ," అన్నాడు డిటెక్టివ్. "ఆదివారం ఇందులోంచి పిల్లి దూరినా గూడు ఉండేది కాదు. మీవాడు గుమ్మంలోనే పట్టడు."

"పావురం సాక్ష్యం చెల్లదు."

"సాక్ష్యం చెల్లకపోతే పోనీండి, సందు చెల్లదు కదా."

"సరే, తలుపులోంచే వచ్చాడు. ఒప్పుకోలులో ఆ ఒక్క ముక్కా మారుస్తాం."

"తలుపు మాటెత్తకండి," అని షావుకారు రెండు చేతులూ జోడించాడు.

"ఒప్పుకోలు మారుస్తారా?" అన్నాడు డిటెక్టివ్. "అది మీ పూల చొక్కా కాదండీ, కేసుని బట్టి తొడుక్కోవడానికి."

ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "చూడండి నసగారూ. ఒప్పుకున్నవాడు ఉన్నాడు. ఒప్పుకోనివాడిని వెతికే ఓపిక నాకు లేదు. రేపు పదింటికి బోర్డు ముందు వాడు నేనే అంటాడు. కావాలంటే మీ పావురాన్ని కూడా పట్టుకురండి, కుర్చీ వేయిస్తాను."

అల్లుడు మర్యాదగా నవ్వి, ఫోను చేసుకోవాలంటూ వెనక గదిలోకి వెళ్ళాడు.

*

మరో అరగంట వాచ్‌మన్ పడ్డ చోటు చూసి, డిటెక్టివ్ బయటికి వచ్చేసరికి వెనక వీధిలో లాండ్రీ వ్యాను ఆగి ఉంది. ఇస్త్రీ బట్టలు ఇంటింటికీ చేర్చే ఆ వ్యాను నడిపేది కుర్రాడి అక్కే. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుని ఉంది. ఆయన పక్క సీట్లోకి ఎక్కి, మోకాలు రాసుకుంటూ హుషారుగా మొదలెట్టాడు.

"మీవాడు ఆ కొట్టులో అడుగు పెట్టలేదమ్మా. రుజువు దొరికింది. తాళంచెవి ఉన్నవాడే చేశాడు. ఎవడో కూడా నాకు తెలిసిపోయింది. రేపు మీవాడు నోరు విప్పి కాదంటే చాలు, మిగతాది నేను చూసుకుంటా."

"బాబాయిగారూ, ఈ కేసు వదిలేయండి."

ఆయన మోకాలు రాసుకోవడం ఆపాడు.

"ఏమిటమ్మా?"

"వదిలేయండి. వాడు ఒప్పుకోనీండి. ఆర్నెల్లేగా."

"పొద్దుటిదాకా నా కాళ్ళు అరిగేలా తిప్పావు. ఇప్పుడేమైంది?"

"ఏం కాలేదు."

"ఏమైందమ్మా?"

అమ్మాయి కళ్ళు నీళ్ళతో నిండాయి. "మీరు మూడోసారి కూడా అడుగుతారు. ఎందుకు లెండి, చెప్పేస్తాను. వాడికి పదిహేడు కాదు."

డిటెక్టివ్‌కి ఆ మాట ఒకంతట లోపలికి దిగలేదు.

"మరి ఎంత?"

"పోయిన నెలకి నాకు పంతొమ్మిది నిండాయి. మేం కవలలం. వాడు నాకన్నా పావుగంట చిన్న."

వ్యాను వెనక ఉతికిన బట్టల వాసన వస్తోంది. ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. అమ్మాయి ముక్కు తుడుచుకుని చెప్పుకుపోయింది. ఈ ఊరు వచ్చిన కొత్తలో తమ్ముడి ఆట చూసి క్లబ్బువాళ్ళు ముచ్చటపడ్డారు. చిన్న పిల్లల జట్టులో ఆడాలంటే వయసు రెండేళ్ళు ఎక్కువైంది. రెండేళ్ళు తగ్గించి వేరే స్కూల్లో చేర్పిస్తే ఎవరు అడుగుతారు అన్నారు. వాళ్ళమ్మ సరేనంది. రెండు క్లాసులు కింద కూర్చోబెట్టారు. పక్క ఊరి జట్టువాళ్ళు ఈ గోల్‌కీపరు గడ్డం గీసుకొచ్చాడేమిటని గొడవ చేసినా ఎలాగో నెట్టుకొచ్చారు.

"నా వయసు తగ్గించాల్సిన పని ఎవరికీ పడలేదండి. అందుకే నేను అక్కనైపోయాను," అంది.

"సరదాగా చేసిన పని," అన్నాడు డిటెక్టివ్. "ఇప్పుడు బయటపడిందంటే పెద్ద కోర్టు. పదేళ్ళు. అది వాడికి తెలుసా?"

"కాగితాల్లో పదిహేడుంది కదా, పదిహేడేనని వాడి ధీమా. అమ్మా నేనూ కూడా అలాగే అనుకున్నాం. ఇందాక ఫోన్ వచ్చేదాకా."

"ఎవరు చేశారు?"

"అల్లుడుగారు. షావుకారు గారి అల్లుడు. అప్పట్లో వయసు తగ్గించమని అమ్మకి చెప్పిందీ, స్కూల్లో చేర్పించిందీ ఆయనేనండి."

డిటెక్టివ్ దుకాణం వెనక తలుపు వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. ఆ మనిషి ఏదో అనుకోకుండా ఒక మైనర్‌ని ఎరగా వెయ్యలేదు. తన చేతులతో తయారుచేసుకున్న మైనర్‌నే వేశాడు. ఎప్పుడు కావాలంటే అప్పుడు వాణ్ణి పెద్దవాణ్ణి చెయ్యగల తాళంచెవి కూడా తన దగ్గరే పెట్టుకున్నాడు. ఇంత కేసులో తొలిసారి డిటెక్టివ్‌కి నవ్వు రాలేదు. భయం వేసింది.

"ఏమన్నాడమ్మా ఫోన్లో? ఉన్నదున్నట్టు చెప్పు."

"మర్యాదగానే మాట్లాడారండి. తమ్ముడు రేపు బోర్డు ముందు ఒప్పుకుంటే వయసు సంగతి తనతోనే ఉండిపోతుందన్నారు. ఆర్నెల్లకి ఇంటికొస్తాడు, జట్టులోకి తీసుకుంటాం అన్నారు. మీరు అడ్డుపడ్డారంటే మాత్రం, తప్పనిసరై ఇన్‌స్పెక్టర్‌కి నిజం చెప్పాల్సొస్తుందన్నారు."

రేపు కుర్రాడు 'నేనే' అంటాడు. ఆ మాట బోర్డు రాసుకుంటుంది. ఎల్లుండి ఈ పెద్దమనిషి తాపీగా వెళ్ళి వాడి అసలు వయసు చెబుతాడు. అప్పుడు వాడు పెద్ద జైల్లో పదేళ్ళు ఉంటాడు. తన నోటితో తానే ఒప్పుకున్న ఖైదీ ఆ తరవాత ఎంత మొత్తుకున్నా వినే నాథుడుండడు. నగలూ దక్కుతాయి, కుర్రాడి నోరూ మూతబడుతుంది. ఆ అల్లుడి స్థానంలో ఎవడున్నా చేసేది అదే.

"అమ్మా," అన్నాడు డిటెక్టివ్ వీలైనంత నెమ్మదిగా, "రేపు మీవాడు ఒప్పుకున్నాక ఆయన నోరు మూసుకుని ఊరుకుంటాడని నీకేమిటి నమ్మకం?"

అమ్మాయి తల తిప్పి చూసింది. చట్టం లెక్కలో ఆమెకి ఎప్పుడో పెద్దరికం వచ్చేసింది. లైసెన్సుంది, ఉద్యోగముంది, ఇంటి భారమంతా ఆమె మీదే ఉంది. ఇంత పెద్దాయనకి ఈ మాత్రం తెలియదా అన్నట్టు ఆమె కళ్ళు ఆశ్చర్యంగా విచ్చుకున్నాయి.

"ఆయనే చెప్పారు కదండీ," అంది.